దెయ్యానికి పేరు పెట్టిన సన్యాసమ్మ

సన్యాసమ్మ సినిమాలో వేషం కడుతుందని ఎవరూ అనుకోలేదు, ఆమె కూడా. ఉత్తరాదిన గమ్హరియా అనే ఊళ్లో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్లో ఆమె వంట చేసేది. 2004 వేసవిలో అక్కడి తెలుగు ఇంజినీరుగారి అబ్బాయి దీపక్, స్నేహితులను పోగేసి, అద్దెకు తెచ్చిన వీడియో కెమెరాతో ఒక హిందీ దెయ్యం సినిమా మొదలుపెట్టాడు. భయపెడుతూనే నవ్వించాలని అతని ఆశ. సన్యాసమ్మ కూతురు పద్మశ్రీ అందులో మేకప్ చూసేది. మూతపడిన ఒక షెడ్డు కిటికీలకు నల్లగుడ్డలు కట్టి, పట్టపగలే చీకటి చేసి షూటింగు జరిపేవారు.

దెయ్యం వేషం వెయ్యాల్సిన అమ్మాయికి కామెర్లు వచ్చాయి. ఆ రోజే సన్యాసమ్మ కూతురికి క్యారేజీ తెచ్చి, గుమ్మంలో నిలబడి, లోపల ఎవరున్నారని అడిగింది. ఆ గొంతుకి, మంచం మీద కునుకు తీస్తున్న హీరో కిందపడ్డాడు. దీపక్‌కి దెయ్యం దొరికింది.

ఆమెకూ సరదా పుట్టింది. తెల్లచీర కట్టి జుట్టు విరబోసుకుంది. పద్మశ్రీ మొహానికి పౌడరు దట్టించి, కాగితం తీసి మాటలు చదివి వినిపించింది. దెయ్యం ప్రతి మాటకూ ముందు అయ్యయ్యో అనాలి. తప్పుల హిందీ మాట్లాడాలి. ఇడ్లీ కావాలని ఏడవాలి. పేరు దగ్గర 'మద్రాసీ చుడైల్', అంటే మద్రాసు ఆడదెయ్యం, అని ఉంది.

అందరూ నవ్వారు. సన్యాసమ్మకు నవ్వు రాలేదు. పెళ్లయి ఈ ఊరొచ్చినప్పటి నుంచి రేషను దుకాణంలోనూ ట్రెక్కరు జీపులోనూ 'మద్రాసీ' అన్న పిలుపు వింటూనే ఉంది. ఆమెది విజయనగరం పక్కన పల్లె. మద్రాసు ఎటుందో కూడా తెలీదు.

"బాబూ, దీని పేరేటి?" అంది.

"దెయ్యమే కదమ్మా, పేరెందుకు?" అన్నాడు దీపక్.

"సచ్చిపోతే పేరు పోద్దేటి? బతికున్నప్పుడు ఏదోటి పిలిసుంటారు కదా."

పద్మశ్రీ సిగ్గుపడి, "అమ్మా, జానే దో, వదిలెయ్. కామెడీ హై," అని గొణిగింది.

"నవ్వించొద్దన్లేదే. నన్ను సూసి నవ్వడం ఏరు, నాను నవ్వించడం ఏరు."

దీపక్ కాగితం తీసుకుని మళ్లీ చదివాడు. కాలేజీలో తననీ అలాగే ఏడిపించేవారని, ఆ మాటలే చేతికొచ్చి రాసేశానని చివరికి ఒప్పుకున్నాడు. మరైతే దెయ్యం ఏమంటుందో మీరే చెప్పండన్నాడు. సన్యాసమ్మ ఆలోచించింది. దాని పేరు పైడమ్మ, క్యాంటీన్లో వండేది, పళ్లెంలో మెతుకులు వదిలినవాళ్లని చచ్చాక కూడా క్షమించదు అని చెప్పింది.

కెమెరా తిరిగింది. సన్యాసమ్మ హీరో వెనకాల చేరి, చెవి దగ్గర, "తిన్నావా?" అంది మెల్లగా. ఆ తర్వాత తెలుగులో తిట్లు లంకించుకుంది. ఒక్క ముక్కా అర్థంకాక హీరో నిజంగానే వణికాడు.

ఇదంతా చూసి, వాచ్‌మన్ వేషం వేస్తున్న మంగల్ ముర్ము కూడా తన కాగితం పక్కన పెట్టాడు. అతను సంతాలీ భాష మాట్లాడే ఆదివాసీ. దెయ్యాన్ని చూసి ఉత్త కేకలు పెట్టడమే అతని పని. తనూ తన భాషలోనే దానితో తగాదా పడతానన్నాడు. దీపక్ సరేనన్నాడు. వంటింటి తాళంచెవి కోసం పైడమ్మ తెలుగులో, మంగల్ సంతాలీలో నాలుగు నిమిషాలు ఎడాపెడా పోట్లాడుకున్నారు. నవ్వు ఆపుకోలేక కెమెరా పట్టినవాడి చేతులు ఊగిపోయాయి.

ఒక ఆదివారం మధ్యాహ్నం, దగ్గర్లోని పట్నంలో భాలుబాసా అనే పేటలో ఒక క్లబ్బు హాల్లో సినిమా వేశారు. సన్యాసమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వెనక వరసలో కూర్చుంది. తెర మీద "తిన్నావా?" అనగానే ముందున్న బిహారీ ఆవిడ మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. తాళంచెవి తగాదాకి సంతాలీ కుర్రాళ్లు ఈలలు వేశారు, తెలుగువాళ్లు చప్పట్లు కొట్టారు, మిగతావాళ్లు అర్థంకాకపోయినా కడుపు పట్టుకుని నవ్వారు. సన్యాసమ్మ కొంగు తీసేసి తనూ నవ్వింది.

రెండు వారాల తర్వాత అదే పట్నంలోని సాక్చీ మార్కెట్లో కూరలమ్మే ముసలావిడ ఆమెను గుర్తుపట్టింది. మనవరాలు అన్నం ముట్టడం లేదని, ఒక్కసారి ఇంటికొచ్చి భయపెట్టి పొమ్మని హిందీలో బతిమాలింది. బుధవారం తనకు సెలవని, ఆ రోజు వస్తానని చెప్పి, సన్యాసమ్మ లేత వంకాయలు ఏరుకోవడం మొదలుపెట్టింది.