నోరులేని అక్షరం

నిట్టును పోలీసులు ఒక్క పూట ఉంచుకుని వదిలేశారు. ఊరికే వదలరు, ఏదో చెప్పే ఉంటాడని మావాళ్లంతా గొణుక్కుంటున్నారు. నిట్టు నా కూతురికి బాప్తిస్మంలో ఎత్తుకున్న జ్ఞానతండ్రి. అమెరికా వచ్చినా మా సిసిలీ వాళ్లకి ఆ వరస తోబుట్టువు కన్నా ఎక్కువ. కుంపారి అంటాం. దొంగనోట్లు అచ్చువేసే రాగిపలక చెక్కేది నేను, ఆ నోట్లు అంగళ్లలో మార్చేది వాడు. మూలమీది మాంసం కొట్టు జర్మన్ వాడు, నిట్టు ఇచ్చిన అయిదు డాలర్ల నోటు చూడగానే పోలీసును కేకేశాడట.

ఎలా పట్టాడబ్బా అని నా నోటును అసలుదాని పక్కన పెట్టి చూశాను. వాషింగ్టన్ అన్న మాటలో హెచ్ లేదు! మా భాషలో హెచ్‌కి నోరు లేదు, రాస్తామే గానీ పలకం. పలక మీద అక్షరాలు తిరగేసి చెక్కాలి గనక, మాటను పైకి అనుకుంటూ చెక్కడం నా అలవాటు. నాలుక వాసింగ్టన్ అంది, వెధవ చెయ్యి నాలుక మాట వింది.

ఆదివారం మధ్యాహ్నం మా ముఠా పెద్ద డాన్ బర్తొలో మమ్మల్ని భోజనానికి పిలిచాడు. సార్డీన్ చేపల మకరోనీ పెట్టారు. ఎనిమిది మందిమి.

"నోటు బాగుంది. మనిషే బాగాలేడు," అన్నాడు డాన్, నిట్టు కేసి చూడకుండానే. "ఏం కక్కి బయటపడ్డావురా?"

"ఒట్టు, ఏం చెప్పలేదు డాన్ బర్తొలో. ఇంగ్లీషు రాదని నాలుగు తన్ని తరిమేశారు."

"ఓహో! నీ అందం చూసి ముచ్చటపడ్డారా?"

అందరూ నవ్వారు. నోరు మూసుకుంటే నిట్టు పోతాడు, తెరిస్తే నేను పోతాను. ఎలా తెగించానో తెలీదు, రెండు నోట్లూ తీసి ముందు పెట్టాను.

"తప్పు నాదండీ. ఇక్కడ ఒక అక్షరం పోయింది."

నా వేలు అక్షరం మీద ఉంటే ఆయన కళ్లు బొమ్మ మీద ఉన్నాయి. అప్పుడు తెలిసింది నాకు, డాన్‌కి చదువు రాదు. ఇంతమంది ముందు ఆ మాట ఆయన చచ్చినా ఒప్పుకోడు.

"ఏం అక్షరం అది?"

"హెచ్ అండీ."

"పలుకుతుందా?"

"మనకైతే పలకదండీ."

"పలకని అక్షరం ఆ జర్మన్ వాడి చెవిన పడిందా?" అని ఆయన రెండు నోట్లూ బల్ల చుట్టూ ఉన్నవాళ్లకి అందించాడు. "రెండూ ఒకటేనట్రా?"

ఒకటే, ఒకటే అన్నారంతా. బడికెళ్లి చదువుకున్న ఆయన మేనల్లుడు కూడా తలెత్తకుండా ఒకటే అన్నాడు.

డాన్ నా వైపు తిరిగాడు. "కుంపారి కోసం కథలల్లుతున్నావా లిబోరియో? అలాగైతే నువ్వూ వాడి వెంటే వెళ్లు. ఆఖరిసారి అడుగుతున్నా. ఒకటేనా?"

నాకు చావంటే భయం. అంతకన్నా చెప్పుకోవడానికి ఏం లేదు.

"ఒకటేనండీ," అన్నాను.

నిట్టు నా భుజం మీద చెయ్యేశాడు. వాడికీ ఒక్క అక్షరం ముక్క రాదు.

"చూశావా కుంపారీ, ఊరికే బెంగపెట్టుకున్నావు. నీ పనికి వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదు," అన్నాడు నాకు ధైర్యం చెబుతూ. అప్పటికే డాన్ మనుషులిద్దరు వాణ్ణి బయటికి తీసుకెళ్లడానికి వాడి కోటు తెచ్చి వెనకాల నిలబడ్డారు.