మీసానికి మల్లె అత్తరు

పందొమ్మిది వందల యాభై నాలుగు వైశాఖంలో, నా మరదలు కుముదిని పెళ్లినాటి పొద్దున, నా దగ్గర ఉన్నవి మూడు. చిన్న సీసాలో మల్లె అత్తరు. మద్రాసు జార్జి టౌన్‌లో పదమూడేళ్ల ఇంగువ వ్యాపారం ఒంటికి పట్టించిన వాసన. సరుకు ఎంచడంలో ఒక్కసారి కూడా తప్పని ముక్కు. మొదటిదానితో రెండోదాన్ని వదిలించుకోవాలని నా లెక్క. మూడోదాని సంగతి గుర్తు రాలేదు.

అత్తరు కొనమన్నది నా భార్య అమ్మణి. అంతకుముందు ఒక పెళ్లిలో నేను పంక్తిలో కూర్చోగానే పక్కాయన ఆకు తీసుకుని అవతలికి జరిగాడు.

"ఈసారి మీ దగ్గర పూల వాసన రావాల. లేకుంటే నేను ఆడోళ్ల పంక్తిలో తింటా" అంది.

తిరువల్లిక్కేణిలో అత్తరు సాయబు గాజుపుల్లతో మణికట్టుకు ఒక్క చుక్క రాసి, ఇంతే చాలన్నాడు. పెళ్లినాడు నాకు చాలలేదు. కొన్న వాసన ఊరందరికీ తెలిసి నాకు తెలియకపోతే ఎలా? చెవి మడతలో దూది పెట్టుకుని, మీసానికి కూడా రెండు వైపులా పట్టించాను.

మొదట గొంతు పట్టేంత ఘాటు. బస్సు దిగేసరికి ఒంటి వేడికి మెత్తబడింది. చెమట పోసినకొద్దీ మల్లె విచ్చుకుంది. ఊపిరి తీస్తే చాలు, తడిగుడ్డ విప్పి మూరెడు పూలు ముఖం మీద పెట్టినట్టుంది. నాకు నేనే ముద్దొచ్చాను.

తాళి కట్టడం అయిందో లేదో, మా బజారు దళారి ఏకాంబరం రెండు ఇంగువ మచ్చు పొట్లాలతో దిగాడు.

"ఏం నాయుడుగారూ, పెళ్లికొడుకు మీరా, ఆడ కూర్చున్నాయనా?"

"వచ్చిన పని చెప్పు."

"రెండు లాట్లు వచ్చినాయి. ఏదో ఒకటి ఎంచండి. పన్నెండుకు చెప్పకుంటే రెండూ వేరేవాళ్లకు పోతాయి. పోయినాక అప్పురం నన్ను అనగూడదు."

మొదటి ముక్క అరచేతిలో నలిపి వాసన చూశాను. మల్లె. రెండోదీ మల్లే. మీసం సబ్బుతో కడిగి వచ్చాను. మల్లె, దానిమీద సబ్బు. మంచి ఇంగువ వేస్తే నీళ్లు పాలలా తెల్లబడాలి; రెంటికీ తెల్లబడ్డాయి. తప్పుడు లాటు ఎత్తితే ఏడాదంతా నా పేరుతో ఇంగువకు బదులు జిగురు అమ్మాలి. వైశాఖపు ఎండలో నాకు చలి పుట్టింది.

అమ్మణి వచ్చి నా ముఖం చూసి, మీసం చూసి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఆడ కూడా పూసినారా! దాని పైనే కదండీ మీ ముక్కు! ఇటియ్యండి."

"నీకేం తెలుస్తుంది?"

"మీరు చూసేది పచ్చి ఇంగువ. పన్నెండేళ్లుగా వేగిన ఇంగువ చూస్తున్నది ఎవరు?"

వంటశాలలోకి వెళ్లి గరిటెలో నెయ్యి కాచింది. మొదటి ముక్క నల్లబడి గరిటెకు అంటుకుంది. అమ్మణి ముఖం చిట్లించింది. రెండోది చిటపటమని పొంగింది. గుండిగ కలుపుతున్న వంటమనిషి మునిరత్నం చెయ్యి ఆపేశాడు.

"అమ్మా, ఆ ముక్క ఈడ పెట్టి పోండి. సాంబారుకు కావాల."

రెండో లాటు ఖాయం చేశాను. ఏకాంబరం దండం పెట్టాడు.

"ఇన్నాళ్లూ ఎక్కడున్నారక్కా?"

"ఈయన ముక్కు వెనకాల."

భోజనాల్లో ఆమె నా పక్కనే కూర్చుంది. అవతలి పక్కాయన జరగలేదు. అత్తరు ఎక్కడ కొన్నారని అడిగాడు. వడ్డన మధ్యలో అమ్మణి ఏదో చెప్పాలన్నట్టు నా వైపు వంగి, వాసన చూసి వెనక్కి జరిగింది.

ఆ రోజు మొత్తానికి పోయింది ఒకటిన్నర రోజు పాటు నా ముక్కు. మిగిలింది ముప్పాతిక సీసా. వచ్చింది ఇంట్లో రెండో ముక్కు. ఇప్పుడు శుక్రవారాలు సరుకు చూసేది అమ్మణే. ఆ రోజు నేను మీసానికి కూడా అత్తరు రాసుకుంటాను.