మూడో వరసలో డెల్మర్

ఆబిలీన్ ఊళ్లో హగిన్స్ వాళ్లు రెండుసార్లు చర్చి మారారు గానీ బండి రకం మాత్రం మార్చలేదు. పంతొమ్మిదివందల ముప్ఫైల్లో సబర్బన్ అనే పొడుగాటి కారు కొత్తగా వచ్చినప్పుడు డెల్మర్ తాత ఒకటి కొన్నాడు. అందులో చమురుబావి కూలీలు ఎనిమిదిమంది, వాళ్ల బురద బూట్లు, ఒక్కోసారి జబ్బుచేసిన దూడ ప్రయాణం చేసేవి. తండ్రి కాలంలో ఫుట్‌బాల్ ఆడే పిల్లలూ, వాళ్ల వాంతులూ. డెల్మర్ వంతు వచ్చేసరికి బండి ఇంకా పెరిగింది. లోపల మాత్రం డెల్మరూ, అతని టోపీ.

అతను కొన్న కొత్త సబర్బన్ షెడ్డులో పట్టలేదు. డెల్మర్ వెనకగోడ పగలగొట్టించి, బట్టలుతికే యంత్రాన్ని వరండాలోకి తోయించాడు.

"ఏవయ్యా, వంటింటికి కిటికీ అడిగితే గోడ ముట్టుకోకూడదన్నావుగా?" అంది భార్య వెర్నా.

"అది గాలి కోసం. ఇది వంశగౌరవం."

అక్టోబరులో వేకో పట్నంలో చర్చి ఆడవాళ్ల సభ. చర్చి బస్సు ఆ ఉదయమే మొరాయించింది. ఆరుగురు ఆడవాళ్లు వంటకాల గిన్నెలతో సహా డెల్మర్ వాకిట్లో దిగారు. డెల్మర్ తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"తోలు సీట్లండీ. చెప్పులు విప్పాలి. గిన్నెలు లోపలికి వద్దు."

వాళ్లలో ఒకరైన అతని మేనత్త ఓపల్ చేతికర్రతో అతన్ని పక్కకి నెట్టింది. "ఒరేయ్ డెల్మరూ, మీ తాత దూడని ఎక్కించాడ్రా. మేం దూడకన్నా తీసిపోయామా? జరుగు!"

వెర్నా అతని జేబులోంచి తాళం లాక్కుని స్టీరింగు ముందు కూర్చుంది. బండిని ఒంటరిగా పంపడానికి డెల్మర్‌కి మనసొప్పలేదు. మిగిలిన చోటు ఒక్కటే, చిట్టచివర మూడో వరసలో, మాంసం పళ్లేనికీ పీచ్ పళ్లు పాకంలో ఉడికించి చేసిన కాబ్లర్ గిన్నెకీ మధ్య.

మొదటి మలుపులోనే కాబ్లర్ ఒరిగింది. సీటు పాడవకూడదని వేడివేడి పాకాన్ని తన ఒళ్లోనే పట్టాడు. "వెర్నా! నెమ్మది!" అని కేకపెట్టాడు. ముందు సీట్లలో అంతా పగలబడి నవ్వుతున్నారు. అతని గొంతు అక్కడిదాకా పోలేదు. బండి అంత పొడుగు మరి.

"వెనక ఏదో అరుస్తోందే?" అంది ఓపల్.

"దూడేమో" అంది వెర్నా.

ఆ తరవాతి ఆదివారం ఆడవాళ్లు అడగకుండానే వచ్చి ఎక్కేశారు. వెర్నా హారను కొట్టింది. డెల్మర్ పాత ప్యాంటు తొడుక్కుని వెనక తలుపు దగ్గరికి నడిచాడు.