కుర్చీ మీది ప్రార్థన

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వెనక గదిలో సాయం పంచుతారు. పంచేముందు సంఘపెద్ద ప్రార్థన చేస్తాడు. ప్రార్థన కాగానే సామాను బరువెక్కుతుంది. ఊరికే దీవిస్తే గుప్పెడు బరువు. "ఈ ఇంటివాళ్లు మన దారిలోకి రావాలి ప్రభువా" అన్నాడంటే మాత్రం దుప్పటి కూడా బండరాయే. ఆ మాట లేకుండా ఆయన ఆమెన్ చెప్పిన పాపాన పోలేదు.

మోసుకెళ్లేది పాస్టరమ్మ. వేరే మతాలవాళ్లు ప్రార్థన పట్టిన వస్తువుని గుమ్మం తొక్కనివ్వరు. అందుకని ఆవిడ వీధి చివర ఆగి, వస్తువు మీద చెయ్యేసి, ఆ బరువుని తన భుజాలకెక్కించుకుంటుంది. ఏళ్ల తరబడి ఇదే పని. భర్తతో చెప్పుకుంటే, "పెద్దాయన నొచ్చుకుంటాడే, కాస్త సర్దుకో" అన్నాడు. సర్దుకుంది. ఒళ్లే సర్దుకోవడం మానేసింది.

ఈసారి చక్రాల కుర్చీ. తాళాలు బాగుచేసే ఆయన కాళ్లు చచ్చుబడి మంచమెక్కాడు. సోమవారం కొట్టు తెరవకపోతే ఇంకొకరికి అద్దెకి ఇచ్చేస్తానని కొట్టు యజమాని తేల్చేశాడు. పెద్దాయన ఆ కుర్చీ ముందు మోకరించి అరగంట లేవలేదు.

సోమవారం పొద్దున్నే పాస్టరమ్మ దాన్ని ఈడ్చుకుంటూ వచ్చి, వీధి చివర చెయ్యేసింది. బరువు కదల్లేదు. భుజాల మీద ఇక చోటు లేదు. చేసేది లేక అలాగే ఇంటిదాకా నెట్టుకొచ్చింది.

తాళాలాయన భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఏమనుకోకండమ్మా. ఆ ప్రార్థనతో సహా లోపలికొస్తే రేపట్నుంచి వీధిలో మాతో మాట్లాడేవాళ్లుండరు. మా అత్తగారైతే నన్ను బతకనివ్వదు."

"తెలుసమ్మా. దించుదామనే చూస్తున్నా. నావల్ల కావట్లేదు."

పాస్టరమ్మ మెట్టు మీద కూలబడింది. ఏడుపొచ్చింది. ఎవరి మీదా కోపం లేదు, ఒట్టి అలసట.

లోపల్నుంచి తాళాలాయన, "కొట్టు పోతే పోయింది. ముందావిడకి మంచినీళ్లియ్యవే" అన్నాడు.

భార్య నీళ్లు తెచ్చింది. గ్లాసు నోటిదాకా ఎత్తడానికి కూడా పాస్టరమ్మ భుజం లేవకపోవడం చూసింది. ఎదురింటి కిటికీల వంక ఓ చూపు చూసి, కొంగు నడుముకి దోపింది.

"ఆ బరువేదో నా మీద పెట్టండి."

"మీ మీదా? అందులో ఏముందో తెలుసా?"

"ఏముంది?"

చెప్పడానికి పాస్టరమ్మకి సిగ్గేసింది. "మీరంతా మా దారిలోకి రావాలని."

"మోస్తాను గానీ, రాను."

"రావద్దులేమ్మా."

పాస్టరమ్మ ఒక చెయ్యి కుర్చీ మీద, ఒక చెయ్యి ఆమె భుజం మీద వేసింది. ఆమె నడుం వంగిపోయింది. మెల్లగా ఊపిరి తీసుకుని, "ఎప్పుడూ ఇంత మోస్తారా?" అనడిగింది.

ఇన్నేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. పాస్టరమ్మ తలూపింది.

ఇద్దరూ కలిసి, తేలికైన కుర్చీని లోపలికి నెట్టుకెళ్లి ఆయన్ని అందులో కూర్చోబెట్టారు. ఆయన చక్రం ఒక్కసారి తిప్పాడో లేదో, కుర్చీ వీధిలో ఉంది. వాళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ముసలివాళ్లలా నడుస్తూ కొట్టు చేరేసరికి ఆయన షట్టరు సగం లేపేశాడు. కొట్టు ఇవ్వడానికి కొత్త మనిషిని వెంటబెట్టుకొచ్చిన యజమాని, మిగతా సగం తనే లేపాడు.