కొలిమితిత్తి సాయంత్రం ఊదింది

దూది ఏకే మా గదిలో ఊపిరి పరీక్ష అంటే పందెం. సెలవు మర్నాడు, మిషన్లు తిరగకముందే, కంపెనీ నర్సు బల్ల మీద గొట్టం పెడుతుంది. ఎక్కువ ఊదినవాళ్లకి మిగతావాళ్లు టీ పోయించాలి. ఏటా ఆ టీ మా వదినదే. ఆమెకి కొలిమితిత్తి అని పేరు పడింది. ఆ కొలిమితిత్తే పని దిగాక ఛాతీ పట్టేసి ఇంటి మెట్ల మధ్యలో కూలబడుతుంది.

దుమ్ములేని ప్యాకింగుకి మార్చమని సూపర్‌వైజరుని అడిగాను. గదిలో గట్టి ఊపిరి మీ వదినదేనని నవ్వాడు.

నర్సుని నిలదీశాను. మంచిదే, పిరికిది. ఎంత ఊదినా గాలంతా బయటికి రాదంది. కొంత ఎప్పుడూ లోపలే ఉంటుంది, ఉండాలి కూడా. లోపలి దారులు బిగుసుకుంటే ఆ మిగులు పెరిగి కొత్త గాలికి చోటుండదట. అంటే వదిన ఆయాసం గాలి లేక కాదు, పాత గాలి కదలక. ఆ మిగులు ఈ గొట్టానికి అందదు, ఊదిందే కొలుస్తుంది. సెలవులో తేరుకున్న ఛాతీ పొద్దున బాగానే ఊదుతుంది. కొలవాల్సింది దుమ్ము మింగాక. ఆ సంగతి ఎరిగే కంపెనీవాళ్లు పొద్దున కొలిపిస్తున్నారు.

"సాయంత్రం మళ్లీ ఊదు వదినా."

"నా టీ మీద కన్నేశావన్నమాట," అని నవ్వబోయి దగ్గింది. దగ్గు ఆగాక గొంతు తగ్గించింది. "ఊదలేనని తేలితే గేటు బయటికే తోస్తారు. ప్యాకింగని నీకెవరు చెప్పారే?"

అయినా పట్టుబట్టాను.

పని దిగాక, నర్సు బల్ల మీదే వదిలేసిన గొట్టంలో వదిన ఊదింది. మావాళ్లు అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టారు. అంకె చూసి ఆపేశారు. పొద్దుటి దానికంటే మూడోవంతు తగ్గింది.

సూపర్‌వైజరు వచ్చి చూశాడు. "ఊపిరి లేనివాళ్లకి ఇక్కడ పనేంటి? రేపట్నుంచి రానక్కర్లేదు."

వదిన నా వంక చూసింది. తిట్టినా బాగుండేది.

అప్పుడు, ఏటా అందరికంటే తక్కువ ఊది టీ పోయించే ముసలాయన గొట్టం అందుకున్నాడు. "నాదీ చూడండి సార్." ఆయనదీ పడిపోయింది. ఆయన వెనక ఇంకొకామె. వరస తలుపు దాటింది. అందర్నీ తరిమేస్తే రేపు దూది మీరే ఏకుతారా అని అడిగాను. సూపర్‌వైజరు వెళ్లిపోయాడు. మాట వెనక్కి మాత్రం తీసుకోలేదు.

వదిన కుర్చీలోంచి లేవలేదు.

"ఇవాళ టీ ఎవరిదే?" అంది, ముక్క ముక్కలుగా.

తెచ్చి ఇచ్చాను. ఊదుకుని తాగడానికి ఊపిరి చాల్లేదు. చల్లారేదాకా చేతిలో పట్టుకుని కూర్చుంది.