నా పేరున ప్రార్థన అంశం

గురువారం పొద్దున్నే టీ గ్లాసులు తోమి బోర్లిస్తుంటే మా అత్తగారు అచ్చమ్మ గుమ్మంలోంచే అన్నారు. "సాయంత్రం కూటంలో నీ పేరున మళ్లీ ప్రార్థన అంశం ఇచ్చేనమ్మాయ్. ఈ ఏడాది దాటకుండా గర్భఫలం కావాలని."

చర్చి స్త్రీల కూటం వారానికో ఇంట్లో జరుగుతుంది. ఈ వారం మా వంతు. అక్కడ అంశాలు పైకి చదువుతారు. ఒకరి మోకాళ్ల నొప్పి, ఒకరి కొడుకు పరీక్ష, ఆ తర్వాత నా గర్భసంచి. పధ్నాలుగు నెలల్లో రెండుసార్లు కడుపు పోయింది నాకు. రెండోసారి నెత్తురు ఆగక నాలుగు సీసాలు ఎక్కించారు. రెండేళ్లు ఆగాల్సిందే, ఇప్పుడే మళ్లీ నిలిస్తే ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ మా ఆయన ముందే చెప్పింది. మా ఆయన కృపానందం టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేస్తారు. ఊరందరి మాటలూ కలిపే మనిషికి నా మాట దగ్గరికొచ్చేసరికి లైను కలవదు. "డాక్టర్లు అలాగే అంటారులే రాహేలూ. మా అమ్మకి తొమ్మిది కాన్పులు. ఏమైంది?" అన్నారు. ఏమైందో ఆవిడని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. పైగా ఆ మాట విని కూడా ఆయనకి ఇంకో రెండు ఇడ్లీలు వడ్డించాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

తొమ్మిదింటికల్లా అమలాపురం చేరి కాలేజీలో ఉన్నాను. డిగ్రీ పిల్లలకి మైక్రోబయాలజీ చెబుతాను. డీఎన్ఏ దెబ్బతింటే బాక్టీరియా ఏం చేస్తుందో నాలుగేళ్లుగా పుస్తకం చూసి చెప్పడమే తప్ప కళ్లారా చూసింది లేదు. ఎలక్ట్రీషియన్ గంగాధర్ని బతిమాలి ఒక చెక్కపెట్టెలో అల్ట్రావయొలెట్ ట్యూబులైటు బిగించుకున్నాను. ఇవాళ పిల్లలూ నేనూ కలిసి హాని చేయని రకం బాక్టీరియాని రెండు గాజు పళ్లేల్లో పోసి, ఒకదానికి మాత్రం కొన్ని క్షణాలు డీఎన్ఏని దెబ్బతీసే ఆ కాంతి తగలనిచ్చాం. మామూలు వెలుతురు పడితే ఆ గాయం కొంత దానంతటదే మానిపోతుంది. అందుకని రెండింటినీ పాత గొడుగు గుడ్డలో చుట్టి రెండు గంటలు వెచ్చగా దాచాం.

మైక్రోస్కోపులో మొదటి పళ్లెంలోవి బియ్యపు నూకల్లా పొట్టిగా ఉన్నాయి. రెండో స్లైడు పెట్టాను. ఒక్క నూకా లేదు. అన్నీ పొడుగాటి దారాలు.

"చచ్చిపోతున్నాయాండీ మేడం?" అంది మా స్టూడెంటు జాయ్.

"కొన్ని పోతాయమ్మా. కానీ ఇవి చావడం కాదు. పెరుగుతూనే ఉన్నాయి, రెండుగా విడిపోవడం మాత్రం ఆపేశాయి."

ఇక నన్నెవరూ ఆపలేకపోయారు. గాయాన్ని బాగుచేసే జన్యువులు బాక్టీరియాలో ఎప్పుడూ ఉంటాయి. లెక్స్-ఎ అనే ప్రొటీన్ వాటి మీద కూర్చుని నోరెత్తనివ్వదు. రెండు పోగుల డీఎన్ఏ దెబ్బతిని ఒంటి పోగు బయటపడిందా, రెక్-ఎ అనే ఇంకో ప్రొటీన్ వచ్చి ఆ పోగుని చుట్టుకుంటుంది. దాన్ని తాకిన లెక్స్-ఎ తనని తానే రెండుగా తెంచుకుంటుంది. అప్పుడు నలభై దాకా జన్యువులు వరసగా మేల్కొంటాయి. కొన్ని దెబ్బతిన్నదాన్ని సరిచేస్తాయి. ఒకటి మాత్రం ఆ పని తెమిలేదాకా కణం చీలకుండా అడ్డుపడుతుంది. గాయం మానాక లెక్స్-ఎ మళ్లీ వచ్చి కూర్చుంటుంది, కణం మళ్లీ విడిపోతుంది. ఇరవై నిమిషాలకోసారి రెండవడమే బతుకైన జీవి అది. అదీ ఆగింది. కంటికి ఆనని ఆ ప్రాణికి ఎవరు నేర్పారమ్మా ఇంత తెలివి! దేవుడే నేర్పి ఉంటే, ఆయన నాకేం చెబుతున్నాడో నేనింతకాలం అత్తగారి నోటే విన్నానన్నమాట. కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. గంట కొట్టినా పిల్లలు కదల్లేదు.

సాయంత్రం మా ఇంట్లో చాపల మీద పదిహేనుమంది ఆడవాళ్లు. పాస్టరమ్మగారు కాగితం తీసి, "మన సహోదరి రాహేలు గర్భఫలం కోసం" అని చదివారు. అందరూ కొంగులు తలమీదికి లాక్కున్నారు.

"అమ్మగారూ, ఆ అంశం నేను మార్చుకుంటానండి," అన్నాను. ఎవరి అంశం వాళ్లు చెప్పుకుంటే కాదనేవాళ్లుండరు, కూటంలో అది మొదట్నించీ ఉన్న పద్ధతే. అది నాకూ వర్తిస్తుందని ఇన్నాళ్లూ నాకే తోచలేదు.

"చెప్పమ్మా."

"రెండేళ్లు నాకు కడుపు వద్దండి. ఇప్పుడైతే బతకనని డాక్టరమ్మగారు చెప్పేరు. ముందు నా ఒళ్లు బాగవ్వాలి. ఇవాళ్టినించి నా మంచం వేరు. మా ఆయన ఒప్పుకున్నా సరే, ఒప్పుకోకపోయినా సరే, నేను ఆగుతానండి. ఆ ఓపిక నాకిమ్మని ప్రార్థన చెయ్యండి."

ఎవరో దగ్గారు. పాస్టరమ్మగారు నన్ను వదిలేసి అత్తగారి వైపు చూశారు. "ఏమంటారు అచ్చమ్మగారూ?"

ఇంటి మాట వీధిన పెట్టానని తిడతారనుకున్నాను. ఆవిడ కొంగు సర్దుకుని, "ఆయ్. పిల్ల చెప్పినట్టే చెయ్యండమ్మా," అన్నారు. అందరూ కళ్లు మూసుకున్నాక నా వైపు వంగారు.

"ఆగొచ్చని నాకెవరూ చెప్పలేదమ్మాయ్."