హుకుం లేని డేరాలు

దారికి అడ్డంగా కట్టిన వెదురు గడ దగ్గర నాలుగు బండ్లూ ఆగిపోయాయి.

గడకు ఆవల ఇరవైమంది ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. కొప్పుల్లో అడవిపూలు, కాళ్లకు అందెలు, ముఖాల నిండా నవ్వు. మగవాడన్న జాడ ఎక్కడా లేదు.

ముందు బండిలోంచి పైడయ్య దిగాడు. యాభై ఏడేళ్ల మనిషి. దొరల క్యాంపులకు ముప్పై ఏళ్లు డేరాలు వేసిన కలాసీ. మొన్న పుష్యమాసంలోనే కొలువు చాలించాడు. ఆ ముప్పై ఏళ్లలో ఏ దొర వచ్చేసరికీ పైడయ్య డేరా లేవకుండా ఉన్నది లేదు. ఈ సంగతి అడిగినవాళ్లకూ చెబుతాడు, అడగనివాళ్లకూ చెబుతాడు.

ఈసారి వచ్చేది దొర కాదు. విజయనగరం వకీలు సర్వేశ్వరరావు గారు. 'ఎండాకాలం కొండల్లో డేరాలు వేసుకుని హాయిగా ఉండడం దొరలకే రాసిపెట్టి ఉందా? మన కొండలు మనకు లేవా?' అని ఆ ఏడు, 1928లో, ఆయనకు కోరిక పుట్టింది. తనూ, భార్యా, పిల్లలూ, ఇద్దరు స్నేహితులూ. అరకులోయ అంచున తోటగరువు అనే ఊరికి పైనున్న మెట్ట మీద వారం రోజులు మకాం.

ఏర్పాట్లన్నీ పైడయ్యవే. ఎన్ని మేకులు, ఎన్ని తాళ్లు, వంట రావుటీ పొగ ఎటు పోవాలి, అమ్మగారి డేరాకు పొద్దుటి ఎండ ఏ పక్కనుంచి తగలాలి, అన్నీ పది రోజులు ఆలోచించి తలలో పెట్టుకున్నాడు. బయలుదేరే రోజు మాత్రం పురోహితుణ్ణి అడిగాడు. చైత్రంలో దివ్యమైన ముహూర్తం పెట్టాడాయన.

"శుక్రవారం మద్దేన్నం బాబుగారు వచ్చీసరికి నాలుగు డేరాలూ లేచి ఉంతాయి. నేకపోతే ఈ పైడయ్య మరి మేకు ముట్టుకోడు" అని వకీలు గారి వాకిట్లో నలుగురూ వింటుండగా అన్నాడు.

ఇవాళ గురువారం. పొద్దు ఇంకా నెత్తికెక్కలేదు. ఎదురుగా వెదురు గడ.

"గడ తియ్యండప్పా. బేగి ఎల్లాల" అన్నాడు పైడయ్య. ఆ వైపు మాటలో అప్ప అంటే అక్క.

ఆడవాళ్ల మధ్యలోంచి ఒక పెద్దావిడ ముందుకు వచ్చింది. పేరు సోములమ్మ. నెరిసిన జుట్టు, నిటారైన వెన్ను.

"ఇటుకల పండగ బావూ. మామూలు ఇవ్వకుండా ఈ గడ దాటినోడెవుడూ నేడు."

పైడయ్య వెనక బండ్లలోని మూటల వంక చూశాడు. అతని దిగులు మామూలు గురించి కాదు. ఇటుకల పండగంటే కొండమీద మగవాళ్లంతా వేటకు పోతారు. తిరిగి వచ్చేదాకా నాగలి కట్టరు, పరాయి బరువు ఎత్తరు. ఊళ్లో రాజ్యమంతా ఆడవాళ్లది. పైడయ్యకు ఇది వినికిడే గానీ చూసి ఎరగడు. క్యాంపులన్నీ పుష్యమాఘాల్లోనే వచ్చేవి. చైత్రంలో కొండెక్కడం ఇదే మొదలు.

"మీ మగోళ్లు ఎప్పుడొత్తారు?"

"రేపు మాపటికో, ఎల్లుండికో. జంతువు దొరికినప్పుడు" అంది సోములమ్మ.

"దొరికితే కదేటత్తా!" అంది వెనకనుంచి ఆమె కోడలు కనక. "నిరుడు మా చినమావ ఉడతను కూడా తేనేదు. పేడనీళ్లతో తానం సేయించినాం."

ఆడవాళ్లందరూ గొల్లున నవ్వారు. వట్టి చేతులతో వచ్చిన వేటగాళ్లకు అక్కడ జరిగే మర్యాద అదే.

రెండో బండిలోంచి వకీలు గారి గుమాస్తా సన్యాసిరావు తల బయటపెట్టాడు. "ఏం పైడయ్యా, ఇదేనా నీ ఏర్పాటు? తాసీల్దారు గారి దగ్గర హుకుం చీటీ రాయించుకుందామని నేను చెప్పానా లేదా? ఇది మన సరదా, సర్కారు పని కాదు, హుకుం మీద మనుషుల్ని లాగకూడదని బాబుగారు నీతులు చెప్పారు. ఇప్పుడు ఆ నీతులు వచ్చి మోస్తాయా?"

మోయవలసింది తక్కువేమీ కాదు. గడకు ఆవలే కొండవాగు; ఆ గెడ్డ మీది చెక్క వంతెన పోయిన వానల్లోనే కొట్టుకుపోయింది. బండ్లు అక్కడితో సరి. అక్కడినుంచి అరకోసు నిలువు ఎక్కుడు. నాలుగు డేరాల మూటలు, గుంజలు, పరుపులు, పాత్రల పెట్టెలు. పెద్ద డేరా మూట ఒక్కటే నలుగురు మగవాళ్ల భుజాలు విరిచే బరువు. బండివాళ్లు అప్పుడే ఎడ్లను విప్పేశారు. కొండెక్కడం మా బేరంలో లేదని చెప్పి చెట్టు నీడన పడుకున్నారు.

పైడయ్యకు దారి తోచలేదు. దారి తోచనప్పుడు ముప్పై ఏళ్లుగా ఏం చేశాడో అదే చేశాడు. తలపాగా సర్దుకుని, గొంతు పెంచి అరిచాడు.

"ఓసే, ఎవులే అక్కడ! పెద్ద బాబుగారు వత్తన్నారు! గడ తీసి మూటలెత్తండి!"

నవ్వులు ఆగిపోయాయి. సోములమ్మ గడ కిందనుంచి వంగి ఇవతలికి వచ్చింది. అతని ముఖంలోకి తేరిపారజూసింది.

"ఈ గొంతు నానెరుగుదును. పుష్యంలో వచ్చీవోడివి. ఊరి మొదట్లో నిలబడి ఇలగే అరిసీవోడివి. నీ అరుపు ఇనగానే మా బుధు తింతన్న అంబలి వొగ్గీసి లెగిసిపోయీవోడు."

"బుధు ఎవులు?"

"నా పెనిమిటి. నీ పెద్ద డేరా గుంజ పదకొండేళ్లు మోసినాడు. ఆడి బుజం మీద నిమ్మకాయంత కాయ కాసింది. సచ్చినా అది పోనేదు. పేరు నీకు తెలీదు."

పైడయ్యకు నిజంగానే తెలియదు. డేరాల లెక్క తెలుసు, మేకుల లెక్క తెలుసు. మోసినవాళ్ల ముఖాలు అతనికి ఎప్పుడూ వీపులే.

"ముప్పై ఏళ్లలో నువ్వెప్పుడన్నా ఒక్క గుంజ మోసినావేటి బావూ?" అని అడిగింది సోములమ్మ.

పైడయ్య బండి చక్రం మీద చెయ్యి వేసి గుంజల వైపు చూశాడు. సన్యాసిరావు గొణిగాడు. "వెనక్కి పోదాం పద. దారిలో బాబుగారికి ఎదురెళ్లి చెబుదాం. నీ శపథం సంగతి నువ్వు చూసుకో."

వెనక్కి. ఆ మాట పైడయ్యకు ములుకులా దిగింది. తలపాగా విప్పి భుజం మీద వేసుకున్నాడు. గొంతు తగ్గించాడు.

"అప్పా, అరిసింది తప్పు. ఇప్పుడు అడుగుతన్నాను. రేపు మద్దేన్నానికి నాలుగు డేరాలు ఆ మెట్ట మీద లెగాల. నా మాట నిలబడాల. మగోళ్లు బరువు ముట్టరు, సరే. మీరు సాయం సేత్తారా?"

ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ దారిలో ఏ తలపాగావాడూ ఇంతవరకు వాళ్లను అడిగి ఎరగడు.

"డబ్బుల మామూలు నాకొద్దు" అంది సోములమ్మ. "నా మామూలు రెండు. ఒకటి, ఆ పెద్ద గుంజ నువ్వే మొయ్యాల. రెండు, డేరా లెగిసినాక అందులో ముందు మేం కూకోవాల. పదకొండేళ్లు మోసినోడు దాని లోపలెలగుంటదో సూడనేదు. నాను సూస్తాను."

"అమ్మగారి డేరాలోనా!" సన్యాసిరావు బండిలోంచి దూకినంత పనిచేశాడు. "పైడయ్యా, ఒప్పుకున్నావో ఉద్యోగం ఊడుతుంది!"

"ఊడ్డానికి ఇంకా ఏటుంది గుమాస్తా బాబూ, పింఛనోణ్ణి" అన్నాడు పైడయ్య. "ఒప్పుకున్నానప్పా."

కనక గడ కట్టిన తాడు లాగేసింది.

పెద్ద డేరా మూట దగ్గరే మళ్లీ చిక్కు. నలుగురు ఆడవాళ్లు లేపారు, పది అడుగులు వేశారు, దించేశారు. మోత కర్రకు కట్టిన మూట ఊగుతోంది. ఊగితే ఆ రాళ్ల దారిలో కాలు నిలవదు.

"ఎవులు కట్టినారీ మూట?" అంది సోములమ్మ.

"నానే. ముప్పై ఏళ్లుగా ఇలగే కడతన్నాను."

"ముప్పై ఏళ్లుగా తప్పే కడతన్నావు. ఇప్పు."

మూట విప్పించింది. గుడ్డను పొడుగ్గా మడత వేయించింది. అది మూరెడు వెడల్పున, పొడుగాటి తెల్లని పాములా దారి మీద పరుచుకుంది. ఆడవాళ్లు పన్నెండుమంది వరసగా నిలబడి దాన్ని తలల మీదికి ఎత్తుకున్నారు. ప్రతి మనిషీ ఒక చేత్తో గుడ్డ పట్టుకుంది, రెండో చేత్తో ముందున్న ఆమె నడుం పట్టుకుంది.

పైడయ్యకు అప్పుడు తెలిసింది. అది థింసా వరస. పండగల్లో వాళ్లు గొలుసులా అల్లుకుని ఆడేదే. పన్నెండుమందివి ఇరవైనాలుగు కాళ్లయినా అడుగు ఒక్కటే పడుతుంది. సోములమ్మ ముందు నిలబడి పాట ఎత్తుకుంది. అందెలు ఒక్కసారి ఘల్లుమన్నాయి. తెల్లపాము కదిలింది. వంపు వచ్చినచోట వంగింది, రాయి వచ్చినచోట లేచింది. ఒక్క కాలు జారలేదు.

వెనక పైడయ్య గుంజ ఎత్తుకున్నాడు. టేకు గుంజ, రెండు నిలువుల పొడుగు. రెండో కొన ఎవరు పట్టాలి?

"గుమాస్తా బావు ఉన్నాడు కదేటి!" అంది కనక. "ఊరికే మాటాడ్డానికా ఆ మడిసిని తెచ్చినావు?"

సన్యాసిరావు చెమటలు కక్కుతూ కొన పట్టాడు. నాలుగు వంపులు తిరిగేసరికి పైడయ్య భుజం మండిపోయింది. దించుకుందామా అనుకున్నాడు. ముందు నడుస్తున్న సోములమ్మ వెనుదిరిగి చూడలేదు. పదకొండేళ్లు, అనుకున్నాడు. దించలేదు.

పొద్దు వాలేలోగా సరుకంతా మెట్ట మీదికి చేరింది. మర్నాడు తెల్లవారగానే పైడయ్య రాజ్యం మొదలైంది. ఎక్కడ గుంజ దిగాలో, ఏ తాడు ముందు లాగాలో చూపించాడు. "మేకు నిలువుగా కొట్టకండి. తల డేరాకి ఎడంగా వాలాల. గాలి లాగే కొద్దీ భూమిలోకి దిగుద్ది." కొయ్యసుత్తి పట్టిన కనక మూడు దెబ్బలకు ఒక మేకు దించింది. పైడయ్య మొదటి మేకుకు, చివరి మేకుకు దారం పట్టి చూశాడు. ఒక్క మేకు వరస తప్పలేదు. ముప్పై ఏళ్లలో మగవాళ్ల చేత వేయించిన ఏ క్యాంపులోనూ ఒకటి రెండు తప్పకుండా లేవు.

సూర్యుడు నడినెత్తికి రాకముందే నాలుగు డేరాలూ లేచాయి. సోములమ్మ కాళ్లు కడుక్కుని పెద్ద డేరా తెర ఎత్తింది. ఆడవాళ్లంతా ఆమె వెంట లోపలికి వెళ్లి తివాసీ మీద కూర్చున్నారు.

సరిగ్గా అప్పుడే కిందనుంచి కేకలు వినిపించాయి. వకీలు గారి పరివారం. డోలీ మోసేవాళ్లు లేక అమ్మగారు అచ్చియమ్మ కూడా నడిచే ఎక్కి వస్తోంది.

"వచ్చేశారు! వాళ్లను బయటికి పంపించు!" అన్నాడు సన్యాసిరావు.

పైడయ్య డేరా గుమ్మంలో నిలబడ్డాడు. కదల్లేదు.

సర్వేశ్వరరావు గారు ఆయాసపడుతూ వచ్చి, ఎండలో మెరుస్తున్న నాలుగు డేరాల్నీ చూసి నిలబడిపోయారు. "శభాష్ పైడయ్యా! మగవాళ్లంతా వేటలో ఉన్నారని దారిలో తెలిసింది. ఆశ వదులుకున్నాను. నేను వద్దన్న హుకుం ఏమైనా తెచ్చావా?"

"హుకుం నేదు బాబూ. అడిగినాను. ఈ ఊరి ఆడవాళ్లు తెచ్చినారు, ఆళ్లే ఏసినారు. నాను ఒక్క గుంజ మోసినాను. మోసినోళ్లు ముందు కూకోవాలని మాట ఇచ్చినాను. లోపలున్నారు. నా మాట తప్పయితే నన్ను అనండి, ఆళ్లని లెగమనకండి."

వకీలు గారు ఆ డేరా వంకా, భార్య వంకా చూశారు. అచ్చియమ్మ చెప్పులు విడిచి, పైడయ్యను పక్కకు జరగమని సైగ చేసి లోపలికి వెళ్లింది.  వకీలు గారు తెర మీద చెయ్యి వేశారు.

"మీరు రాకండి!" లోపలినుంచి అచ్చియమ్మ గొంతు. "ఇక్కడ ఆడవాళ్లం కూర్చున్నాం. నన్ను కూడా జరిగి కూర్చోబెట్టుకున్నారు. మీకు ఆ చెట్టు నీడ ఉందిగా!"

డేరా కప్పు ఎగిరిపోయేంత నవ్వు వినిపించింది. వకీలు గారు చెయ్యి తీసి, చెట్టు నీడకు వెళ్లి కూర్చున్నారు. సన్యాసిరావు ఆయన వెనకే వెళ్లాడు.

మూడో జాము వేళకు వేటగాళ్లు ఊళ్లోకి దిగారు. ముందు సోములమ్మ మరిది సోంబరు, వెనక విల్లంబులతో పాతికమంది. చేతులు ఖాళీ. కనక పేడనీళ్ల కుండతో సిద్ధంగా ఉంది.

"కుందేలన్నా దొరకనేదేటి చినమావా?" అంది. "ఇంట్లో ఉన్నోళ్లం మేం నాలుగు తెల్ల ఏనుగుల్ని కట్టి తెచ్చినాం. అటు సూడు!"

సోంబరు మెట్ట వైపు చూశాడు. నోరు తెరిచాడు. మూసేలోగా కుండ ఖాళీ అయింది.

సాయంత్రం చల్లగాలికి వకీలు గారు పైడయ్యను పిలిచారు. "వచ్చే ఏడు కూడా వద్దాం. ముహూర్తం ఇప్పుడే అనుకుని ఉంచు."

"పురోహితుణ్ణి అడగను బాబూ" అన్నాడు పైడయ్య. "అప్పని అడిగి సెప్తాను."

సోములమ్మ ఆముదం చిప్పతో అటే వస్తోంది. అతని చొక్కా పక్కకు జరిపి భుజం చూసింది. కమిలి ఎర్రగా పొంగి ఉంది.

"కాయ కాత్తదా అప్పా?" అని అడిగాడు పైడయ్య. అడుగుతున్నప్పుడు అతని ముఖం, దొర చేత పతకం అందుకున్నవాడి ముఖంలా ఉంది.

"ఒక్క గుంజకేనా!" అంది సోములమ్మ ఆముదం రాస్తూ. "ఇంకా పదేళ్లు రా తమ్ముడా. అప్పుడు సూద్దాం."